ఎటు పెట్టినా ఎర్రమబ్బే

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజునే పగ తీర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. వానకూ పగకూ సంబంధమేమిటని మీరు అనొచ్చు. నా పగకు మబ్బుల్లేని ఆకాశం కావాలి. నాలుగు నెలలు చినుకుల చప్పుడు వింటూ పళ్ళు నూరుకున్నాక, ఒక సాయంత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా కనిపించింది. డాబా ఎక్కి టెలిస్కోపు మీది ముసుగు తీశాను.

తీసింది నేనే గానీ ఆ టెలిస్కోపు నాది కాదు. మా బావగారిది. మా ఆయనకు అన్నగారు, బళ్ళో సైన్సు మాస్టారు. కింది వాటాలో ఆయనా అక్కా ఉంటారు. అక్కంటే నా తోడికోడలు. పై వాటాలో మేమిద్దరం, మా నెత్తిన డాబా. ఊళ్ళో నక్షత్రాలు చూసేవాళ్ళ సంఘం ఒకటి ఉంటే, అందులో చేరిన ఉత్సాహంలో బావగారు టెలిస్కోపు కొన్నారు. నాలుగు రాత్రులు డాబా ఎక్కి చూశారు. బూడిదరంగు మరకలు తప్ప ఏమీ లేవని తేల్చి, ఐదో రాత్రి నుంచి హాయిగా నిద్రపోయారు. ఆ మరకల్లో ఏముందో చూద్దామని నేను ఎక్కాను. ఇంతవరకూ దిగలేదు.

లోపల ఏముందో చూడటమే నా ఉద్యోగం కూడా. ఒక పరీక్షల ల్యాబులో ఎక్స్‌రేలు తీస్తాను. చేరిన రోజున మా డాక్టరుగారు చెప్పిన పాఠం ఒక్కటే. ఫిల్ము మసకగా వస్తే మళ్ళీ తీయొచ్చు, కుడీ ఎడమా తారుమారైతే మంచి కాలికి కట్టు పడుతుంది. అందుకని తీసే ప్రతి ఫిల్ము మూలనా సీసంతో చేసిన అక్షరం ఒకటి పెడతాం, ఏది కుడో తెలిసేలా. పదకొండేళ్ళుగా చేతికి పట్టిన అలవాటు. డాబా మీద తీసిన ఫోటోల్లో కూడా కుడిపక్క కింది మూలన నువ్వుగింజంత 'కు' అని పెట్టేదాన్ని. కుడి అని. ఎవరో చూడాలని కాదు, అది లేకపోతే నాకు పని పూర్తయినట్టు ఉండదు.

ఇక పగ సంగతి. అంతకుముందు ఏడు నేను ముప్ఫై ఎనిమిది గంటలపాటు తీసిన ఫోటో ఒకటి బావగారికి నచ్చింది. సంఘం వాళ్ళ ప్రదర్శనకు పట్టుకెళ్తానన్నారు. తీసుకెళ్ళండి అన్నాను. దానికి మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో ఆ ఫోటో పక్కన నిలబడి బావగారు నవ్వుతున్నారు. కింద ఆయన పేరు. అప్పటిదాకా సైన్సు మాస్టారు అన్న ఊరు, ఆ వారం నుంచి నక్షత్రాల మాస్టారు అనడం మొదలుపెట్టింది. సొమ్మొకడిది, సోకొకడిది.

నేను నోరు మూసుకోలేదు. కిందికి దిగి, తీసింది నేను కదా అన్నాను. బావగారు పేపరు మడిచి, టెలిస్కోపు ఎవరిది అన్నట్టు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళారు. సమాధానం చెప్పింది అక్క.

"ఎవరి పేరైతే ఏముందమ్మా? ఇంటిపేరు ఒకటేగా."

ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే నన్ను సముదాయించడానికి అంది. ఆ ఇంటిపేరు నాకు పెళ్ళితో వచ్చింది, ఆ ఫోటో ముప్ఫై ఎనిమిది గంటల నిద్ర మానుకుంటే వచ్చింది. రెండూ ఒకటెలా అవుతాయో నాకు అర్థం కాలేదు. ఆ ఫోటోకు చట్రం కట్టించి కింద హాల్లో తగిలించారు. అక్క రోజూ పొద్దున్నే దాని అద్దం తుడిచేది. ఒకసారి నేను గుమ్మంలో ఉండగా, "ఈ మూల మరక చూడు, ఎంత తుడిచినా పోవట్లేదు" అంది. చూశాను. నా 'కు'.

"అది లోపలి మరక అక్కా, తుడిస్తే పోదు" అన్నాను.

ఆ మాట అని పైకి వచ్చానే గానీ, మెట్టు మెట్టుకూ నా కడుపు మండుతూనే ఉంది. ఏడాది తిరిగినా చల్లారలేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పైకి కిందికి తిరిగే వాటితో కాలక్షేపం చేసే మనిషి కాబట్టి ఎవరు పైన ఎవరు కింద అన్నది పట్టించుకోరు. వదిలేయమనేవారు. పేరు వెయ్యకపోతే నక్షత్రాలు పుట్టడం మానేస్తాయా అని అడిగేవారు. అవి మానవు, తీయడం నేను మానేస్తాను అంటే, "నువ్వా? మానేస్తావులే" అని దుప్పటి ముసుగు పెట్టేవారు. ఆయనకు నా సంగతి తెలుసు.

నేను పోయినేడు తీసిందీ, ఈ ఏడు తీయబోయేదీ ఒక్కటే. మన పాలపుంతకు పొరుగున, ఇరవై ఏడు లక్షల కాంతి సంవత్సరాల దూరంలో త్రిభుజం గెలాక్సీ అని ఒకటుంది. దాని నడిబొడ్డుకు ఎడమపక్క కాస్త పైన ఒక ఎర్రమబ్బు. పట్టికలో దాని నంబరు ఆరువందల నాలుగు. ల్యాబులో నాకు రోజంతా నంబర్లతోనే పని కాబట్టి దాన్నీ పేషెంటును పిలిచినట్టు ఆరువందల నాలుగు అనే అనుకునేదాన్ని. మబ్బంటే వానమబ్బు కాదు, వాయువు. అందులో నక్షత్రాలు పుడతాయి. పుట్టినవి రెండు వందల దాకా లోపల భగభగలాడుతుంటే, ఆ ధాటికి చుట్టూ ఉన్న వాయువంతా ఎర్రగా వెలుగుతుంది. మన పాలపుంతలోనూ ఇలాంటివి ఉన్నాయి, అందరూ వాటినే తీస్తారు. నాకు మాత్రం పొరుగింటి కిటికీలోంచి వాళ్ళ పురిటిగది చూడాలని ఉంటుంది. ఆడబుద్ధి అన్నారు మా ఆయన. అననీ.

ఆ మబ్బు వెలిగే ఎరుపును తప్ప మరి దేన్నీ రానివ్వని ఫిల్టరు ఒకటి కెమెరాకు బిగిస్తాను. ఒక్కో ఫోటోకు పది నిమిషాలు. ఒక్కదాన్ని విడిగా చూస్తే చీమలు పాకినట్టు చుక్కలే, ఇంకేమీ ఉండదు. రాత్రికి పాతిక చొప్పున వారాల తరబడి తీసి, అన్నిటినీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పేర్చేకొద్దీ చీమలు పోయి మబ్బు మిగులుతుంది. కోపం కూడా అంతే. ఒక్క రోజుది చూస్తే ఏమీ ఉండదు.

రాత్రి తొమ్మిదింటికి కింద మెట్ల దగ్గర బల్బు ఆరేది. అక్క ఆర్పేది. దాని వెలుతురు డాబా దాకా ఎక్కి నా కళ్ళలో పడుతోందని, మొదట్లో ఒకే ఒక్కసారి చెప్పాను. ఆ తర్వాత చెప్పాల్సిన పని పడలేదు. ఒంట్లో బాగాలేని రోజున కూడా లేచి వచ్చి ఆర్పి వెళ్ళేది. పక్కవాళ్ళు, మీ ఇంటికి సాయంత్రమే చీకటి పడుతుందేమిటి అంటే, "మా చెల్లి చుక్కలు చూసుకోవాలి" అనేదట. నేను పగబట్టిన ఇంట్లో నాకోసం చీకటి చేసే మనిషి ఒకరున్నారు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా ఆగేదాన్ని కాదేమో.

వానలు పోయిన రెండో వారంలో బావగారు డాబా ఎక్కి వచ్చారు. ఎన్నాళ్ళ తర్వాతో. ఆయాసపడుతూ పిట్టగోడకు ఆనుకుని, సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయని చెప్పారు. పెద్ద సభ. ఆకాశాన్ని పరిశోధించే పెద్దావిడ ఒకరు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆ రోజే బావగారిని సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తారు. వేదిక మీద ఆరడుగుల ఫోటో పెట్టాలి. మామూలు కాగితం మీద కాదు, పారదర్శకమైన ఫిల్ము మీద వేసి, వెనక లైట్లు పెట్టి వెలిగించాలి. మా ల్యాబులో ఎక్స్‌రే చూసే లైటుపెట్టె లాంటిదే, ఇంకా పెద్దది.

"అమ్మాయ్, పోయినేటికన్నా బాగా రావాలి. పరువు సమస్య" అన్నారు.

"తీస్తాను బావగారూ. కింద నా పేరుండాలి."

ఆయన ఆకాశంలోకి చూశారు. చూడాల్సిన దిక్కు అది కాదు, గెలాక్సీ ఆయన వీపు వెనక ఉంది.

"చూద్దాం. ముందు పని కానీ."

చూద్దాం అనే మాటకు మా ఇంట్లో ఒకే అర్థం ఉంది, అది అందరికీ తెలుసు. అయినా నేను తీశాను. తొమ్మిది వారాలు, యాభై రెండు గంటలు. ఆఖరి రోజు తెల్లవారుజామున అన్నీ పేర్చడం పూర్తయి తెర మీద ఆరువందల నాలుగు తేలినప్పుడు, కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పోయినేడు ఎర్రటి ముద్దలా ఉన్నదాంట్లో ఈసారి గదులు కనిపించాయి. పుట్టిన నక్షత్రాలు తమ గాలితో చుట్టూ ఉన్న వాయువును తోసేసి చేసుకున్న ఖాళీలు, వాటి అంచుల్లో దారపు పోగుల్లా ఎరుపు. ఇరవై ఏడు లక్షల ఏళ్ళ కిందటి వెలుగు. అప్పుడు ఎవరి ఇంటిపేరూ లేదు. మా ఆయన్ను లేపి చూపించాను. ఆయన కళ్ళు నులుముకుని చాలాసేపు చూసి, "దీని కింద నీ పేరు లేకపోతే మాత్రం అన్యాయమే" అన్నారు. వదిలేయమనే మనిషి ఆ మాట అనేసరికి నా పగకు సగం బలం వచ్చింది.

కుడిపక్క కింది మూలన 'కు' పెట్టి బావగారికి ఇచ్చాను.

పది రోజుల తర్వాత ల్యాబులో మా డాక్టరుగారు ఆహ్వాన పత్రిక ఒకటి చూపించారు. "మీ బావగారు గొప్పవారమ్మా. నన్నూ పిలిచారు" అన్నారు. అట్ట మీద నా ఆరువందల నాలుగు. ఛాయాచిత్రం అని రాసి, పక్కన బావగారి పేరు, ముందు ఇంటిపేరుతో. బాగుందండి అన్నాను. లోపలికి వెళ్ళి మోకాలు విరిగిన ముసలాయనకు ఎక్స్‌రే తీశాను. కుడి మోకాలు. రెండుసార్లు సరిచూసుకున్నాను, ఎందుకంటే ఆ రోజు నా మీద నాకు నమ్మకం లేదు.

అప్పటికి ఏం చేయాలో నాకు తెలియదు. సభలో లేచి అరవాలా, ఫోటో ఇవ్వనని తిరగబడాలా, ఏదీ తేలలేదు. దారి చూపించింది ప్రింటింగ్ షాపు ఆయన, పాపం తనకు తెలియకుండానే.

సభ ముందురోజు లైటుపెట్టె తయారైందని కబురొచ్చింది. బావగారు ఉపన్యాసం బట్టీ పడుతున్నారు కాబట్టి నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. షాపులో రంగుల వాసన, నేల నిండా కత్తిరింపులు. షాపాయన ఫిల్మును రెండు గాజు పలకల మధ్య బిగించి, పెట్టెను గోడకు నిలబెట్టి, స్విచ్చు వేశాడు.

ఆరువందల నాలుగు కుడిపక్క వెలిగింది.

ఫిల్మును తిరగేసి బిగించాడు. ముందుకు రావాల్సిన వైపు వెనక్కి పోయింది. గెలాక్సీ మొత్తం అద్దంలో చూసినట్టు ఉంది. కింద ఎడమ మూలన నా 'కు' కూడా తిరగబడి, ఏ భాషదో తెలియని అక్షరంలా ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది. పదకొండేళ్ళ అలవాటు మరి, తిరగేసిన ఫిల్ము చూస్తే నా చెయ్యి ఆగదు.

షాపాయన చూశాడు. "ఏమ్మా, తలకిందులుగా పెట్టానా?"

"లేదు. తల సరిగ్గానే ఉంది."

"ఎటు పెట్టినా ఎర్రమబ్బేలెండమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"తీసినవాళ్ళకి తెలుస్తుంది."

"ఇంకేం మరి. తీసింది మీ మాస్టారేగా, ఆయన చూసుకుంటారు."

లేచిన చెయ్యి కిందికి దించాను. అంతే. అంతకు మించి నేనేమీ చేయలేదు. తర్వాత ఎంతమంది అడిగినా ఇదే చెప్పాను, నమ్మలేదు. షాపాయన ఒక రసీదు ముందుకు జరిపి, చూసుకున్నాం సరిగ్గా ఉంది అని సంతకం పెట్టమన్నాడు. తర్వాత మాటలు రాకుండా అందరి దగ్గరా తీసుకుంటాడట. నా పేరు పూర్తిగా, గుండ్రంగా రాశాను. ఆ ఫోటో తాలూకు కాగితాల్లో నా పేరు ఉన్నది అదొక్కటే.

ఆ సాయంత్రం పెట్టెను సభ జరిగే హాలుకు చేర్చారు. బావగారు వచ్చి చూశారు. ఆయనకు ఒక అవకాశం ఇచ్చాను, ఇవ్వలేదని ఎవరూ అనకూడదు.

"అంతా సరిగ్గా ఉందా బావగారూ? ఒకసారి బాగా చూసుకోండి."

ఆయన వెనక్కి నాలుగడుగులు వేసి, చేతులు కట్టుకుని, తల వంచి, ఎత్తి, తృప్తిగా చూశారు. "బంగారంలా ఉంది" అన్నారు. ఇంట్లో హాల్లో ఇదే మబ్బు ఎడమపక్కన ఉన్న ఫోటో పెట్టుకుని, ఏడాదిగా దాని కిందే కూర్చుని పేపరు చదువుతున్న మనిషి. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

సభకు జనం బాగానే వచ్చారు. ముందు వరసలో అక్క, కొత్త చీరలో. నేనూ మా ఆయనా వెనక గోడ దగ్గర. ముఖ్య అతిథి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, భుజాన గుడ్డ సంచితో, ఏ కూరగాయలకో బయల్దేరినట్టున్నారు. బావగారు ఒక కర్రతో మబ్బును చూపిస్తూ అరగంట మాట్లాడారు. చలిలో డాబా మీద గడిపిన రాత్రులు, మెడనొప్పి, కంటికి కునుకు లేకపోవడం. అన్నీ నిజాలే, నావి. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు, లేస్తానేమోనని. లేవాల్సిన పని నాకు లేదు.

చప్పట్లయ్యాక పెద్దావిడ లేచి పెట్టె దగ్గరకు వెళ్ళారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"చాలా అందంగా ఉంది మాస్టారూ. మీరు చూపించిన ఈ మబ్బు, మీరు తీసేటప్పుడు కూడా ఈ పక్కనే ఉందా?"

"ఇక్కడే ఉందండి" అన్నారు బావగారు. "యాభై రెండు గంటలూ కదల్లేదు."

హాలంతా నవ్వింది. ఆవిడ కూడా కొంచెం నవ్వారు.

"నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నానండి. నాకెప్పుడూ ఎడమపక్కనే కనపడింది."

మాట చాలా మెత్తగా అన్నారు. వెనక వరసలకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది, సంఘం వాళ్ళకు మాత్రం వెంటనే అర్థమైంది. ఎవరో అద్దంలో బొమ్మ అన్నారు. ఇంకెవరో, తీసినాయనకు ఆ మాత్రం తెలియదా అన్నారు. బావగారు పెట్టె వంక చూశారు, తేలు కుట్టిన దొంగలా ఆవిడ వంక చూశారు. అప్పుడు మైకు అందుకున్నారు.

"అది... నాది కాదండి ఆ పని. మా తమ్ముడి భార్య చూసుకుంటుంది అదంతా. తీయడం, కంప్యూటరు పని, ప్రింటు, అన్నీ తనే. కుడిఎడమలు పొరపాటు పడినట్టుంది."

అని, నా పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా, మైకులో, హాలంతా మోగేలా.

అదీ నేను కోరుకున్నది. తప్పించుకోవాలంటే నిజం చెప్పక తప్పని చోట ఆయన్ను నిలబెట్టడం. ఏడాదిగా ఆ పేరు ఆ నోట వినాలని చూశాను, విన్నాను. తలలన్నీ నా వైపు తిరిగాయి. వాటిలో నాలుగో వరసలో మా డాక్టరుగారి తల కూడా ఉంది.

ఆయన సంగతి నేను మరిచిపోయాను. పత్రిక ఆయన చేతిలోనే చూశాను, అయినా మరిచిపోయాను. ఫిల్ములో ఏదో తేడా ఉందనిపించినప్పుడు చూసే చూపు ఒకటుంది ఆయనకు, ఆ చూపుతో నన్ను చూస్తున్నారు. కుడిఎడమలు పొరపాటు పడే మనిషి పదకొండేళ్ళుగా ఎన్ని కాళ్ళు తీసి ఉంటుంది? పొరపాటని ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది. కాదంటే ఏం చెప్పాలో నాకు తెలుసు, అది చెబితే ఏం పోతుందో కూడా తెలుసు. ముందు వరసలో అక్క వెనక్కి తిరగలేదు. కొత్త చీర భుజం మాత్రం కనిపిస్తోంది.

లేచాను.

"పొరపాటు పడలేదండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "షాపులో ఫిల్ము తిరగేసి బిగించారు. నేను చూశాను. చూసే సరిగ్గా ఉందని సంతకం పెట్టాను, షాపాయన తప్పు లేదు. కింద ఎడమ మూలన చూడండి. 'కు' అని తిరగబడి ఉంటుంది, కుడి అని. నేను తీసిన ప్రతి ఫోటోలో కుడి మూలన అది ఉంటుంది. పోయినేడు బహుమతి వచ్చినదాంట్లోనూ ఉంది."

పెద్దావిడ నడుం వంచి ఆ మూలన చూశారు. "ఉంది" అన్నారు. నిటారుగా నిలబడి నన్ను చూశారు. "తెలిసీ ఎందుకు సరిచేయలేదమ్మా?"

"తీసినాయన కనిపెడతారేమోనని చూశానండి."

ఎవరో నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు, హాలంతా నవ్వింది. బావగారు కుర్చీలో కూర్చుండిపోయారు. షాపు కుర్రాళ్ళు వచ్చి పెట్టె విప్పి, ఫిల్ము తీసి, తిప్పి బిగించారు. ఆ రెండు నిమిషాలు వేదిక మీద ఖాళీ లైటుపెట్టె తెల్లగా వెలిగింది, దాని పక్కన బావగారి మొహం అంతకన్నా తెల్లగా. ఆరువందల నాలుగు ఎడమపక్కకు వచ్చాక మళ్ళీ చప్పట్లు కొట్టారు. పెద్దావిడ ఫోటో గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఆ ఖాళీ గదుల అంచులు ఇంత స్పష్టంగా ఒక ఇంటి డాబా మీంచి తీసినవి తాను చూడలేదన్నారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో దాచుకోను. ఇల్లు చేరేదాకా ఆ తీపి నోట్లోనే ఉంది.

ఇంట్లో కింది వాటా తలుపులు వేసి ఉన్నాయి.

తర్వాతి రెండు వారాల్లో జరిగినవి చెబుతాను. సంఘం వాళ్ళు అధ్యక్షుడిగా ఇంకొకరిని పెట్టుకున్నారు, నాకు ప్రశంసాపత్రం పంపారు. బళ్ళో పిల్లలు బోర్డు మీద అక్షరాలు తిరగేసి రాసిపెట్టడం మొదలుపెట్టారు. బావగారు లోపలికి వెళ్ళేసరికి నల్లబోర్డు నిండా అద్దంలో చదవాల్సిన రాత. నక్షత్రాల మాస్టారు పోయి అద్దం మాస్టారు వచ్చాడు. ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. మా మీద అరవలేదు, టెలిస్కోపు కూడా వెనక్కి అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

మా డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు.

"పొరపాటైతే నేర్పేవాణ్ణమ్మా. తిరగేసి ఉందని తెలిసీ సంతకం పెట్టే మనిషిని ఏం చేయాలి?"

ఉద్యోగం తీసేయలేదు. ఆ రోజు నుంచి నా ఫిల్ముల మీద నా సంతకం పక్కన ఇంకొకరి సంతకం కూడా కావాలన్నారు. నిన్నగాక మొన్న నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల సంతకం. సరేనండి అన్నాను. పేరు కోసం ఏడాది కాచుకున్నదాన్ని, చివరికి నా పేరు ఒక్కటీ సరిపోని చోటు తెచ్చిపెట్టుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అక్క మెట్లెక్కి వచ్చింది. చేతిలో హాల్లోని ఫోటో, చట్రంతో సహా. గోడకు ఆనించి, కొంగుతో అద్దం ఒకసారి తుడిచింది. అలవాటు.

"ఇది నీది" అంది. "మరక కాదన్నమాట."

కూర్చో అక్కా అన్నాను. కూర్చోలేదు.

"నీకు పేరొచ్చింది. ఆయనకీ ఒక పేరొచ్చింది. పొద్దున పార్సిలు అబ్బాయి వచ్చాడు, అద్దం మాస్టారి ఇల్లు ఇదేనా అని అడుగుతూ. నీకొచ్చిన పార్సిలే." నా మొహంలోకి చూసింది. "నేను అప్పుడేమన్నానో గుర్తుందా? ఇంటిపేరు ఒకటేగా అన్నాను."

దిగి వెళ్ళింది.

ఆ రాత్రి డాబా మీద అన్నీ అమర్చుకుని తొమ్మిది కోసం చూశాను. తొమ్మిదైంది. మెట్ల దగ్గర బల్బు ఆరలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. పదింటికి కింది వాటాలో దీపాలన్నీ ఆరాయి. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

ఇది జరిగి మూడేళ్ళు. నా ఫిల్టరు ముందు ఆ బల్బు ఆటలు పెద్దగా సాగవు. పిట్టగోడకు నల్లగుడ్డ కట్టి, మూడేళ్ళలో మూడు గెలాక్సీల పురిటిగదులు తీశాను. అన్నిటి కిందా నా పేరే ఉంది. కెమెరాకు ఇబ్బంది లేదు గానీ, తల తిప్పినప్పుడల్లా ఆ వెలుతురు నా కళ్ళలో పడుతుంది, మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. స్విచ్చు మెట్ల కిందే ఉంది, నేనే దిగి ఆర్పొచ్చు. ఆర్పమని అక్కను అడిగినా ఆర్పుతుంది, ఆ మనిషి అలాంటిది. కాకపోతే అడగాలంటే దానికి ముందు ఇంకో మాట అనాలి. తప్పు నాదని నేను ఇవాళ్టికీ అనుకోవడం లేదు కాబట్టి ఆ మాట నా నోటికి రాదు. బల్బు కాలిపోయిన రోజున అక్క కొత్తది తెచ్చి వేసింది.